శిక్షించే ముందు చింతపిక్కలు లెక్కపెట్టండి

మొదటిసారి పిల్లవాణ్ణి తీసుకొచ్చిన తల్లిదండ్రులు వెళ్ళేముందు గుమ్మం దగ్గర ఆగి ఒక మాట అడుగుతారు. “మీరు కొడతారా మేడమ్?” కొందరు భయంగా అడుగుతారు, కొందరు ఆశగా. ఆశగా అడిగేవాళ్ళ మీద నాకు కోపం రాదు. తల గోడకేసి కొట్టుకునే బిడ్డను రాత్రి రెండింటిదాకా ఒళ్ళో పట్టుకుని కూర్చున్నవాళ్ళు వాళ్ళు. “మీ గారాబమే వాణ్ణి చెడగొట్టింది” అని చుట్టాలతో అనిపించుకున్నవాళ్ళు.

నేను గుంటూరులో స్పెషల్ ఎడ్యుకేటర్‌ని. ఆటిజం ఉన్న పిల్లలతో 14 ఏళ్ళుగా పనిచేస్తున్నాను. మనిషి ఒక పని ఎందుకు చేస్తున్నాడో చూసి ఆ ప్రవర్తనను మార్చే శాస్త్రం అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్, అందరూ ఏబీఏ అంటారు, నా పనికి పునాది. ఈ శాస్త్రంలో శిక్షకు ఒక అర్థం ఉంది, అది పనిచేసే తీరుకు సూత్రాలున్నాయి, వాడేవాడికి హద్దులున్నాయి. ఇవేవీ తెలియకుండానే ఇళ్ళల్లో, బళ్ళలో, థెరపీ సెంటర్లలో శిక్షలు రోజూ నడిచిపోతున్నాయి. ఏ వరసలో ఆలోచించాలో, ఎక్కడ ఆగిపోవాలో తల్లిదండ్రులకూ, ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళకూ చెప్పాలని ఇది రాస్తున్నాను.

ముందు ఆ మాటకు అర్థం

శిక్ష అనగానే మనకు బెత్తం, గోడకుర్చీ, గుంజీళ్ళు, తొడపాశం గుర్తొస్తాయి. మా నాన్నగారి తరం వాళ్ళయితే తాడు పట్టుకుని వేలాడే కోదండం గురించి కూడా చెబుతారు. మన దృష్టిలో శిక్ష అంటే తప్పు చేసినందుకు పడే బాధ. ఏబీఏలో బాధతో సంబంధం లేదు. పిల్లవాడు ఒక పని చేశాడు, వెంటనే ఏదో జరిగింది, దానివల్ల ఆ పని చేయడం రానురాను తగ్గింది. తగ్గితేనే దాన్ని శిక్ష అంటాం. తగ్గకపోతే మీరు ఎంత గట్టిగా కొట్టినా అది ఊరికే కొట్టడమే.

ఇందులో రెండు రకాలు. పుస్తకాల్లో పాజిటివ్, నెగెటివ్ అని ఉంటుంది. పాజిటివ్ అంటే మంచిది అనుకుని చాలామంది పొరబడతారు. కూడిక, తీసివేత అనుకోండి, సరిపోతుంది. వేడి పెనం ముట్టుకుంటే చెయ్యి కాలింది, మళ్ళీ ముట్టుకోలేదు. అది కూడిక. తమ్ముణ్ణి కొట్టినప్పుడల్లా ఆడుకుంటున్న ట్యాబ్ కాసేపు తీసేశారు, కొట్టడం తగ్గింది. అది తీసివేత. ఇప్పుడు ఎక్కడైనా శిక్ష వాడాల్సి వస్తే చాలావరకు తీసివేత రకమే వాడతారు.

ఒకరికి శిక్ష అయినది ఇంకొకరికి బహుమతి కావచ్చు. అమ్మ వంటింట్లో ఉంది, పిల్లవాడు గ్లాసు విసిరాడు. అమ్మ పరుగెత్తుకొచ్చి, భుజాలు పట్టుకుని, మొహంలో మొహం పెట్టి అరిచింది. పొద్దుట్నుంచి ఎవరూ పలకరించని పిల్లవాడికి అదొక పండగ. అమ్మ తిట్టాననుకుంటుంది, వాడికి మాత్రం అమ్మ వచ్చింది. రేపు రెండు గ్లాసులు విసురుతాడు.

చింతపిక్కల లెక్క

మా దగ్గరకొచ్చే అమ్మలందరికీ నేను మొదట చెప్పే పని ఇది. ఇంట్లో 30 చింతపిక్కలు ఏరి చీర కొంగులోనో, చుడీదార్ ఎడమ జేబులోనో పెట్టుకోండి. తగ్గించాలనుకుంటున్న పని పిల్లవాడు చేసిన ప్రతిసారీ ఒక పిక్క కుడివైపుకు మార్చండి. రాత్రి పడుకునే ముందు లెక్కపెట్టి క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో రాయండి. వారం రోజులు ఇదే చేయండి, మరేమీ మార్చొద్దు. పిల్లవాడికో ఇంకొకరికో దెబ్బ తగిలే ప్రమాదం ఉంటే మాత్రం అడ్డుకోండి.

లెక్కపెట్టే పనికి పేరు కచ్చితంగా ఉండాలి. “అల్లరి” అని రాస్తే లెక్క కుదరదు. “చేత్తో ఎదుటి మనిషిని కొట్టడం” అని రాస్తే నాయనమ్మ లెక్కపెట్టినా, నాన్న లెక్కపెట్టినా ఒకే అంకె వస్తుంది.

ఈ వారంలోనే డాక్టరు దగ్గరకు కూడా వెళ్ళండి. పంటినొప్పి, చెవిపోటు, మలబద్ధకం, నిద్ర పట్టకపోవడం, ఆడపిల్లలకు నెలసరి నొప్పి. మాట రాని బిడ్డ వీటిని చెప్పుకోలేక తనను తాను కొట్టుకుంటుంది. చెవి నొప్పితో చెంప మీద కొట్టుకుంటున్న పిల్లను కొట్టుకోవద్దని శిక్షించడం కంటే అన్యాయం ఉండదు.

లెక్క మీద నేను ఇంత పట్టుబట్టడానికి నా తప్పే కారణం. పని మొదలుపెట్టిన రెండో ఏట నా దగ్గరకు ఏడేళ్ళ బాబు వచ్చేవాడు. రాయమని కాగితం ముందు పెడితే పరపరా చించేసేవాడు. చించినప్పుడల్లా మూలనున్న కుర్చీలో ఐదు నిమిషాలు కూర్చోబెట్టేదాన్ని. వాడు నిశ్శబ్దంగా కూర్చునేవాడు, నాకేమో పద్ధతి పనిచేస్తున్నట్టే ఉండేది. మూడు వారాలయ్యాక మా సీనియర్ మేడమ్ గదిలోకొచ్చి ఒకే మాట అడిగారు: “మొదట్లో ఎన్ని, ఇప్పుడెన్ని?” నా దగ్గర అంకె లేదు. చెత్తబుట్ట చూపించి చినిగిన కాగితాలు ఎక్కువయ్యాయా తక్కువయ్యాయా అని ఆవిడ అడిగితే నోరు పెగల్లేదు. ఎక్కువయ్యాయి.

వాడికి రాత కష్టం, పెన్సిల్ పట్టు కుదరదు. చించితే రాత తప్పుతుంది, కుర్చీ దొరుకుతుంది. మూడు వారాలపాటు నేను వాడికి కాగితం చించడం నేర్పించాను. ఆ బాబు ఇప్పుడు డిగ్రీ వయసువాడు. వాడు గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఆ చెత్తబుట్ట కనిపిస్తుంది.

ఎందుకు చేస్తున్నాడు

శిక్ష గురించి ఆలోచించే ముందు ఈ ప్రశ్నకు జవాబు మీ దగ్గర ఉండి తీరాలి. 1982లో అమెరికాలో బ్రయన్ ఇవాటా, ఆయన తోటివాళ్ళు తమను తాము గాయపరచుకునే పిల్లల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. ఒకే పిల్లవాణ్ణి వేర్వేరు పరిస్థితుల్లో ఉంచి, ఎప్పుడు ఎక్కువ కొట్టుకుంటున్నాడో చూశారు. పలకరింపు దొరికినప్పుడా, పని తప్పించుకోగలిగినప్పుడా, ఒంటరిగా ఉన్నప్పుడా? ఒక్కో బిడ్డకు ఒక్కో జవాబు వచ్చింది. పైకి అందరూ చేసేది ఒకటే అయినా కారణాలు వేరు. కారణం చూడకుండా ముందే శిక్షకు పోయే అలవాటు ఈ రంగంలో తగ్గడానికి ఆ పని బాగా తోడ్పడింది.

ఇంట్లో మీరు ఆ ప్రయోగం చేయక్కర్లేదు, చేయకూడదు కూడా. ఒక నోటుబుక్‌లో మూడు గళ్ళు గీయండి. ముందు ఏం జరిగింది, వాడు ఏం చేశాడు, తర్వాత ఏం జరిగింది. పది పదిహేనుసార్లు రాశాక మూడో గడి పైనుంచి కిందికి చదవండి. అమ్మ వచ్చింది, నాన్న వచ్చాడు అని వరసగా ఉంటే అది మనుషుల కోసం. “పుస్తకం పక్కన పెట్టేశాను”, “స్నానం తర్వాత చేయిద్దామనుకున్నాను” అని ఉంటే తప్పించుకోవడం కోసం. ఫోన్ ఇచ్చాం, బిస్కెట్ ఇచ్చాం అని ఉంటే వస్తువు కోసం. ఏమీ జరగకపోయినా, ఎవరూ లేకపోయినా చేస్తుంటే ఆ పనిలోనే వాడికి హాయి ఉంది.

ఆ చివరి రకం గురించి ఒక మాట. చేతులు రెపరెపలాడించడం, ఊగడం, గిరగిరా తిరగడం తగ్గించమని చాలామంది అడుగుతారు. ఎవరికి నష్టం అని నేను తిరిగి అడుగుతాను. నలుగురిలో బాగుండదంటారు. నలుగురి చూపు కోసం ఒక బిడ్డ హాయిని శిక్షించను. చిన్నప్పుడు ఏబీఏ పేరుతో ఇవన్నీ మాన్పించుకున్న ఆటిస్టిక్ పెద్దలు ఇవాళ ఆ గాయాల గురించి రాస్తున్నారు, మాట్లాడుతున్నారు. ఈ పని చేసేవాళ్ళం ముందుగా వినాల్సింది వాళ్ళ మాటే.

బదులు నేర్పకుండా ఏదీ తీసుకోవద్దు

కారణం తెలిశాక మొదటి మందు శిక్ష కాదు. అదే అవసరాన్ని ఇంకో దారిలో తీర్చుకోవడం నేర్పాలి. ఎడ్వర్డ్ కార్, మార్క్ డురాండ్ అనే పరిశోధకులు 1985లో ఇదే చూపించారు. పని కష్టమై గొడవచేసే పిల్లలకు సాయం అడగడం, పలకరింపు కోసం గొడవచేసే పిల్లలకు దాన్ని మాటతో అడగడం నేర్పితే గొడవ తగ్గింది. కాగితాలు చించే నా బాబుకు మేం నేర్పింది ఒక చిన్న కార్డు. దానిమీద అరచేయి బొమ్మ, కింద “చాలు” అనే మాట. కార్డు ఇస్తే రెండు నిమిషాలు రాత ఆగుతుంది. మొదటివారం వాడు నిమిషానికోసారి ఇచ్చాడు, ఇచ్చినప్పుడల్లా ఆపాం. అంతసేపు పని ఆగిపోతే ఎలా అని వాళ్ళ నాన్నకు టెన్షన్. కానీ కార్డుకు విలువ ఉందని నమ్మకం కుదిరాకే వాడు ఆగి ఆగి ఇవ్వడం మొదలుపెట్టాడు. పెన్సిల్‌కు రబ్బరు పట్టు తొడిగాం, రాత నాలుగు వరసల నుంచి ఒకటికి తగ్గించాం.

చాలా ఇళ్ళల్లో పని ఇక్కడితోనే అయిపోతుంది. నేను చూసినంతలో పది ఇళ్ళల్లో తొమ్మిదింటికి ఇక ముందుకు వెళ్ళాల్సిన అవసరం రాలేదు.

మిగిలిన ఆ ఒక్క ఇల్లు

మూడో అంతస్తు ఫ్లాట్, తొమ్మిదేళ్ళ బాబు. బాల్కనీలోంచి స్టీలు గ్లాసులు, చెంచాలు, ఒకసారి రోటి బండ కిందికి వేశాడు. కింద పిల్లలు సైకిళ్ళు తొక్కుతుంటారు. వాచ్‌మన్ రెండుసార్లు పైకొచ్చి గొడవపడ్డాడు. వాళ్ళ నాయనమ్మ నన్ను చూడగానే “దెబ్బకు దెయ్యం హడలుతుందమ్మా, మీరైనా రెండు తగిలించండి” అన్నారు. “మామ్మగారూ, ఇప్పటికి ఎన్నిసార్లు తగిలించారు?” అని అడిగాను. రోజూ అన్నారు. ఎన్నాళ్ళుగా అంటే ఏడాదిగా. ఏడాదిలో తగ్గిందా అంటే ఆవిడ కాసేపు నావైపు చూసి, “కొట్టినప్పుడు ఆపుతాడు” అన్నారు.

ఆ మాట నిజం. ఇందులో ఉన్న మోసం 1938లోనే బయటపడింది. అమెరికా మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ఎలుకలకు మీట నొక్కితే మేత దొరకడం అలవాటు చేశాడు. తర్వాత మేత ఆపేశాడు. ఒక గుంపుకు మాత్రం మొదటి పది నిమిషాలు నొక్కినప్పుడల్లా కాళ్ళ మీద దెబ్బ పడేలా చేశాడు. దెబ్బలు పడినంతసేపూ అవి నొక్కడం బాగా తగ్గించాయి. రెండో రోజు చివరికి చూస్తే రెండు గుంపులూ దాదాపు అన్నేసిసార్లు నొక్కాయి. దెబ్బ ఆ పనిని తుడిచివేయలేదు, కాస్త వెనక్కి నెట్టింది.

మామ్మగారికి చెప్పిన ఇంకో సంగతి మీకూ చెప్పాలి, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మీరు కొట్టగానే పిల్లవాడు ఆపుతాడు, ఇల్లు నిశ్శబ్దమవుతుంది. ఆ నిశ్శబ్దం మీకు బహుమతి. మీ చేతికి కొట్టడం అలవాటు చేసేది అదే. పిల్లవాడి అలవాటు మారకపోయినా కొట్టేవాళ్ళ అలవాటు మాత్రం గట్టిపడుతుంది. ఈసారి చెంపదెబ్బకు ఆపకపోతే అట్లకాడ వస్తుంది. ఏ అమ్మా మొదటిరోజే అట్లకాడ కాల్చి పెట్టాలనుకోదు. ఒక్కో మెట్టూ ఆ నిశ్శబ్దమే ఎక్కిస్తుంది.

ఇక ఆ బాబు సంగతి. మొదట బాల్కనీకి పావురాల వల కట్టించాం. అరపూటలో కింద ఉన్నవాళ్ళకు ప్రమాదం తప్పింది, బిడ్డకు ఏ కష్టమూ కలగలేదు. పరిసరాలు మార్చి తీర్చగలిగినదాన్ని శిక్షతో తీర్చాలని చూడొద్దు. నోటుబుక్ చూస్తే తెలిసింది, వాడికి వస్తువు పడుతుంటే చూడటం ఇష్టం, ఠంగుమన్న చప్పుడు ఇష్టం. గోడకు పీవీసీ పైపు ముక్కలు వంపుగా బిగించి, కింద స్టీలు గిన్నె పెట్టి, గోలీలు జారవిడవడం నేర్పాం. గంటలకొద్దీ ఆడాడు. రోజుకు ఇరవైకి పైగా ఉన్న పిక్కలు ఏడెనిమిదికి వచ్చి అక్కడ ఆగిపోయాయి. మిగిలినవి ఇంట్లో మనుషుల మీదికి విసరడం. మామ్మగారి కనుబొమ దగ్గర కుట్లు పడ్డాయి.

ఇక్కడ శిక్ష ప్రశ్న న్యాయంగా వస్తుంది. ఈ వృత్తికి అమెరికాలో సర్టిఫికేట్ ఇచ్చే బీఏసీబీ అనే సంస్థ ఉంది. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న దాని నియమావళి ప్రకారం, తక్కువ ఇబ్బంది పెట్టే పద్ధతులతో ఫలితం రాలేదని చూపించాకే, లేదా శిక్షలో ఉన్న ప్రమాదం కన్నా ఆ ప్రవర్తనవల్ల వచ్చే ప్రమాదం ఎక్కువని తేలితేనే శిక్ష పద్ధతి వాడాలి. 2023 నుంచి మన దేశంలో ఉండేవాళ్ళు ఆ సర్టిఫికేట్‌కు కొత్తగా దరఖాస్తు చేయలేరు. అయినా ఆ నియమం నేను పాటిస్తాను. సర్టిఫికేట్ కోసం కాదు, బిడ్డ కోసం.

మేం నలుగురం కూర్చున్నాం: అమ్మ, నాన్న, మామ్మగారు, నేను. ఒక కాగితం మీద ఏ పనికి, ఏం తీసేస్తాం, ఎవరు తీస్తారు, ఎన్ని రోజులు చూస్తాం, ఎప్పుడు ఆపేస్తాం అన్నీ రాశాం. అమ్మానాన్నలు సంతకం చేశారు. బాబు సంతకం చేయలేడు. వాడి ఒప్పుకోలు వాడి ఒళ్ళు చెబుతుంది. మేం వాడబోయేది మూతలు అంటించే ఒక బోర్డు, దాని సంగతి కింద చెబుతాను. ఆ బోర్డు చూడగానే దగ్గరకొస్తే ఒప్పుకున్నట్టు. బోర్డు చూడగానే మంచం కిందికి దూరితే ఒప్పుకోనట్టు, ఆ రోజు ఆ పద్ధతి ఆపేయాలి.

తీసివేత ఎలా చేయాలి

బోర్డు అంటే ఇంతే: అట్టముక్కకు వెల్‌క్రో అంటించి, దానిమీద సోడా సీసా మూతలు. పావుగంట ఏమీ విసరకుండా గడిస్తే ఒక మూత. భోజనం దగ్గర కూర్చుంటే ఒకటి, చెల్లెలికి గోలీ ఇస్తే ఒకటి. ఐదు మూతలకు గోలీల పైపుతో అదనంగా పది నిమిషాలు, నాన్నతో కలిసి. రెండు వారాలు మూతలు ఇవ్వడమే, తీసుకోవడం లేదు. మూత విలువ వాడికి తెలిశాకే తీసివేత మొదలుపెట్టాం.

మనిషి మీదికి విసిరితే ఒక మూత తీసేయాలి. వెంటనే తీయాలి, సాయంత్రం నాన్న వచ్చాక కాదు. ఎంత ఆలస్యమైతే అంత పనికిరాకుండా పోతుంది, పైగా మధ్యలో వాడు చేసిన మంచి పనికి శిక్ష పడుతుంది. తీసిన ప్రతిసారీ ఒక్కటే, విసిరిన ప్రతిసారీ తీయాలి. ఒకసారి తీసి ఇంకోసారి వదిలేస్తే అది లాటరీ అవుతుంది. మొహంలో కోపం, ఉపన్యాసం ఉండకూడదు. “విసిరావు, ఒక మూత” అని రెండు ముక్కల్లో చెప్పి తీసి జేబులో వేసుకోవాలి. మామ్మగారికి ఇదే అన్నిటికన్నా కష్టమైంది. మూత తీస్తూ తిట్టేవారు. తిట్టు కలిస్తే అది వేరే శిక్ష అవుతుందని, కాగితం మీద మనం అది రాయలేదని రోజూ గుర్తుచేశాను.

బోర్డు ఖాళీ అయ్యేదాకా తీయొద్దు. చేతిలో ఒక్క మూత కూడా లేని పిల్లవాడికి పోయేదేమీ లేదు, ఇక ఎన్ని విసిరినా ఒకటే. రోజు ముగిసేసరికి సంపాదించినవి పోగొట్టుకున్నవాటికి కనీసం మూడింతలు ఉండేలా చూశాం. అలా లేకపోతే తప్పు మనం పెట్టిన లెక్కది, వాడిది కాదు.

టైమ్ అవుట్ గురించి కూడా చాలామంది అడుగుతారు. దాని అర్థం గదిలో పెట్టి గొళ్ళెం వేయడం కాదు, బాత్‌రూమ్ అసలే కాదు. పూర్తి పేరు చూస్తే, హాయినిచ్చే పరిస్థితి నుంచి కాసేపు విరామం. ముందు హాయి ఉండాలి కదా. పొద్దుట్నుంచి ఎవరూ ఆడించని గదిలోంచి మూలకు పంపితే వాడికేమీ పోలేదు. పని తప్పించుకోవాలనుకునేవాడికి అది బహుమతి, నా చెత్తబుట్ట కథ అదే. 1978లో ఫాక్స్, షపీరో ఒక తరగతిలో పిల్లల మెడలో రిబ్బన్లు కట్టించారు. రిబ్బన్ ఉన్నంతసేపూ టీచర్ పలకరింపు, మెచ్చుకోలు, తినుబండారాలు ఉండేవి. అల్లరిచేస్తే మూడు నిమిషాలు రిబ్బన్ తీసేసేవాళ్ళు, ఆ కాసేపు ఇవేవీ ఉండవు. పిల్లవాడు గదిలోనే, అందరి మధ్యే ఉంటాడు. ఇంట్లో వాడాల్సి వస్తే ఈ తరహాదే వాడండి, రెండు మూడు నిమిషాలకు మించొద్దు.

నీళ్ళు పారబోస్తే తుడవమనడం మంచిదే. 1970లలో దాన్ని పెంచి, ఇల్లంతా తుడిపించడం, అదే పని పదేపదే చేయించడం అనే పద్ధతి వచ్చింది. బిడ్డ చేతులు పట్టుకుని బలవంతాన చేయించాల్సి వస్తుంది కాబట్టి నేను వాడను.

మొదలుపెట్టాక పది రోజులు లెక్క చూడండి. పిక్కలు తగ్గకపోతే ఆపేయండి. తగ్గని శిక్షను కొనసాగించడానికి మీ దగ్గర ఏ కారణమూ లేదు. ఇంకాస్త గట్టిగా చేద్దాం అనిపిస్తుంది, అప్పుడే మూడు గళ్ళ నోటుబుక్ మళ్ళీ తెరవండి, కారణం తప్పుగా పట్టుకుని ఉంటారు. తగ్గుతున్నా కొన్ని చూడాలి. కొత్తగా కొరకడం మొదలైందా? మూత తీసే మనిషి గదిలోకి రాగానే వెళ్ళిపోతున్నాడా? ఒక్క ఇంట్లోనే తగ్గి బడిలో పెరిగిందా? చెల్లెలి చేతిలో వస్తువులు లాక్కుంటున్నాడా? ఆ చివరిది మననుంచే నేర్చుకుంటారు.

గట్టి శిక్ష పనిచేస్తుంది కదా అంటే

పనిచేస్తుంది. 1966లో ఏజ్రిన్, హోల్జ్ అనే పరిశోధకులు శిక్ష మీద అప్పటిదాకా జరిగిన ప్రయోగాలను కూర్చి రాశారు: శిక్ష మొదటినుంచే గట్టిగా, వెంటనే, ప్రతిసారీ పడితే ప్రవర్తన చాలాకాలం ఆగుతుంది. నేను దీన్ని దాచను. పనిచేసే ప్రతిదీ చేయతగినది కాదు, అంతే.

అది ఎక్కడికి తీసుకెళ్తుందో చూడాలంటే అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, కాంటన్ పట్టణంలో ఉన్న జడ్జ్ రోటెన్‌బర్గ్ సెంటర్‌ను చూడాలి. స్కిన్నర్ దగ్గర చదువుకున్న మాథ్యూ ఇజ్రాయెల్ 1971లో పెట్టిన సంస్థ అది. ఆటిజం, మేధో వైకల్యం ఉన్నవాళ్ళ ఒంటికి విద్యుత్ షాక్ ఇచ్చే పరికరం తగిలిస్తారు. సిబ్బంది చేతిలో రిమోట్ ఉంటుంది. మందులనూ, వైద్య పరికరాలనూ నియంత్రించే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో ఆ పరికరాన్ని నిషేధించింది, 2021లో కోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. 2022 డిసెంబరులో అక్కడి కాంగ్రెస్ చట్టం సవరించి ఎఫ్‌డీఏకు ఆ అధికారం ఉందని స్పష్టం చేసింది. 2024లో నిషేధాన్ని మళ్ళీ ప్రతిపాదించారు. బిహేవియర్ అనాలిస్టుల అంతర్జాతీయ సంఘం ఏబీఏఐ ఈ షాక్‌లను వ్యతిరేకిస్తూ ప్రకటన చేయడానికి 2022 దాకా పట్టింది. ఈ రంగంలో పనిచేసే మనిషిగా ఆ ఆలస్యానికి నేను సిగ్గుపడతాను. ఆటిజం ఉన్న పిల్లలతో చేసి ఏబీఏకు పేరు తెచ్చిన 1987 నాటి లోవాస్ అనే మనస్తత్వవేత్త అధ్యయనంలో కూడా గట్టిగా “నో” అనడం, తొడమీద చరచడం ఉన్నాయి. ఈ పద్ధతి నేర్చుకునే ప్రతి ఒక్కరూ ఈ చరిత్ర కూడా నేర్చుకోవాలి.

మన దేశంలో చట్టం ఏం చెబుతుందో తెలుసుకోండి. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 17 బడిలో శారీరక శిక్షనూ, మానసిక వేధింపునూ నిషేధించింది. వికలాంగుల హక్కుల చట్టం 2016 గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. ఆ చట్టంలో సెక్షన్ 92 చూడండి. వైకల్యం ఉన్న మనిషి బాధ్యత చూసేవాళ్ళు తెలిసి తెలిసి తిండి గానీ నీళ్ళు గానీ ఇవ్వకపోతే ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు. “చెప్పినట్టు చేసేదాకా టిఫిన్ పెట్టొద్దు” అని ఏ థెరపిస్టైనా చెబితే ఈ సెక్షన్ గుర్తుంచుకోండి. కారం, వాత, కట్టేయడం, చీకటి గది, తిండి మాన్పించడం, షాక్. వీటి గురించి నేను చర్చకు కూడా కూర్చోను.

సెంటర్‌లో చేర్చే ముందు

ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు చూపించమనండి. స్పెషల్ ఎడ్యుకేటర్‌కు అది తప్పనిసరి, అడిగితే ఎవరూ నొచ్చుకోకూడదు. తర్వాత “మా బాబు చెప్పినమాట వినకపోతే మీరేం చేస్తారు?” అని అడగండి. “అదంతా మేం చూసుకుంటాం” అనేవాళ్ళకన్నా, “ఎందుకు వినట్లేదో ముందు చూస్తాం” అనేవాళ్ళు నయం. సెషన్ చూడనిస్తారా అని అడగండి. తల్లిదండ్రులు ఉంటే పిల్లలు మాట వినరని తలుపు మూసేవాళ్ళ దగ్గర నేనైతే నా బిడ్డను వదలను. శిక్ష ఏదైనా వాడుతున్నారా, వాడితే లెక్క చూపించమనండి. మీరు సంతకం చేసిన కాగితం లేకపోతే మీ అనుమతి లేనట్టే. రోజూ ఆ గేటు దగ్గరే మీ బిడ్డ ఏడుస్తుంటే, అలవాటవుతుందిలే అని ఊరుకోకండి. మూడు గళ్ళ నోటుబుక్‌లో అది కూడా రాయండి.

ఆ మూడో అంతస్తు ఇంటి కాగితం కింద ఆపే తేదీ ఆరు వారాల తర్వాతది రాశాం. నాలుగో వారానికి పిక్కలు రోజుకు ఒకటీ అరా అయ్యాయి. మూతలు తీసుకోవడం అప్పుడే ఆపేసి, ఇవ్వడం మాత్రం ఉంచాం. తీసుకోవడం ఆపాక మూడు రోజులు కాస్త పెరిగింది, మామ్మగారు ఫోన్ చేశారు. “మళ్ళీ తియ్యమంటారా?” అన్నారు. వారం ఆగి చూద్దాం, పిక్కలు మార్చడం మాత్రం మానొద్దన్నాను. వారం తర్వాత ఆవిడే మళ్ళీ ఫోన్ చేసి అంకెలు చదివారు: రెండు, ఒకటి, సున్నా, ఒకటి, సున్నా, సున్నా, సున్నా.